తోకమాటలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. వంటగదిలో అమ్మ, ముందు గదిలో వీధి వైపు కుర్చీలో మావయ్య, అదే గదిలో కిటికీ పక్కన మంచం మీద అక్క, మంచం పక్కనే నేల మీద బట్టల కుప్ప ముందేసుకుని నేను. నాన్న లేడు. గోదాం కాపలా ఆ రోజు తన వంతు కాకపోయినా అడిగి మరీ వేయించుకుని, అక్క నిద్ర లేవకముందే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు. మూడు దాటింది. నాలుగింటికి వ్యాన్ వస్తుంది. అది వచ్చేలోపల నేను రెండు పనులు చెయ్యాలి. ఒకటి అందరికీ తెలిసినది, అక్క బట్టలన్నింటి మీదా నల్ల మార్కర్‌తో నలభై రెండు అని రాయడం. రెండోది నాకొక్కదానికే తెలిసినది, నోరు తెరిచి ఒక సంగతి చెప్పడం. మొదటిది సగం అయింది. నైటీ మెడపట్టీ లోపల, తువ్వాలు మూల, మేజోళ్ళ మడమ దగ్గర. అక్క వెళ్ళబోయే హోం వాళ్ళు పంపిన కాగితంలో అలాగే ఉంది, ఉతికేటప్పుడు కలిసిపోకుండా ప్రతి బట్ట మీదా మనిషి నంబరు ఉండాలట. రెండు, పండు, ఎండు, మెండు, గుండు. ఇదీ నా బుర్ర. అక్కని తీసుకుపోతున్న రోజు కూడా ఒక మాట దొరికితే చాలు, దాని తోక పట్టుకుని వెనక ఇంకో నాలుగింటిని లాక్కొస్తుంది. ఆగమంటే ఆగదు. మార్కర్ సిరా బట్టలోకి ఇంకి అంకెలు కాస్త ఉబ్బుతున్నాయి. అక్క పైనుంచి చూస్తోంది. తన బట్టల మీద నేను ఏం రాస్తున్నానో తనకి తెలుసు, చదవడం పోయినా అంకెలు పోలేదు. నేను తలెత్తలేదు.

కింద పిండిమర తిరుగుతోంది. అది తిరుగుతున్నంతసేపూ మా గది నేల సన్నగా వణుకుతుంది, నేల మీద కూర్చుంటే ఆ వణుకు ఎముకల్లోకి వస్తుంది, ఇల్లంతా భయపడుతున్నట్టు ఉంటుంది. భయం, సమయం, విషయం. విషయం ఏమిటంటే, అని మొదలుపెట్టాలి. అమ్మా, విషయం ఏమిటంటే. అలా పుస్తకాల్లో మాట్లాడినట్టు మొదలుపెడితే మావయ్య నవ్వేస్తాడు. మావయ్య చెడ్డవాడు కాదు. వారం వారం బస్సు డిపోలో డ్యూటీ దిగి తిన్నగా వచ్చి అక్క కాలు పట్టుకుని పది నిమిషాలు సాగదీస్తాడు, అక్క మొహం చిట్లిస్తే, "అరువమ్మా, గట్టిగా అరువు, కింద పిండిమరవాడు పరిగెత్తుకుంటూ రావాలి" అంటాడు. నన్ను పిట్ట అంటాడు. వచ్చినప్పుడల్లా, "మా పిట్ట ఇవాళ ఏమైనా కూసిందా? కూస్తే వాన పడుతుంది, గొడుగు తెచ్చుకోలేదు" అంటాడు. నేను నవ్వుతాను, అంతే, నవ్వి వంటగదిలోకి వెళ్ళిపోతాను. ఈ హోం సంగతి తెచ్చింది మావయ్యే. అక్కడ కాలికీ చేతికీ రోజూ కసరత్తు చేయిస్తారట, డాక్టరు వారానికి రెండుసార్లు వస్తాడట, అమ్మ ఇస్త్రీ షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి నిలబడి నడుం పడిపోయిందని, నేను తొమ్మిదో తరగతితో బడి మానేసి ఏడాదిన్నర నుంచి ఈ మంచం పక్కనే ఉండిపోయానని, "ఇద్దరు పిల్లల్నీ పాడు చేసుకుంటావా చెల్లెమ్మా" అని అడిగాడు. అమ్మ అక్క మంచం వైపు చూసింది. ఆ తర్వాత అనాల్సింది అనడానికి ఆ కార్డుల మేడం వచ్చింది.

కానీ కార్డుల మేడం గురించి ఇప్పుడే కాదు. అది తలుచుకుంటే నలభై రెండు నలభై ఎనిమిదిలా వస్తుంది. ముందుది ముందు. రెండేళ్ళ కిందట అక్క చొక్కాలకి కాజాలు కుట్టే ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం పూట, మిషన్ మీదే తల వాల్చింది. పక్క మిషన్ ఆవిడ కునుకు తీస్తోందనుకుని, సూపర్‌వైజర్ చూస్తాడని మోచేత్తో పొడిచిందట. పొడిస్తే పక్కకి జారిపోయింది. తలలో నరం చిట్లింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన అక్కకి కుడి చెయ్యి లేదు, అంటే ఉంది, వేలాడుతోంది. కుడి కాలు ఈడుస్తుంది. మాటల్లో మిగిలింది ఒకటే, "అది" అన్న మాట. నీళ్ళు కావాలన్నా అది, తల నొప్పన్నా అది, నాన్న వస్తే అది, కోపం వస్తే అది అది అది. ఒకప్పుడు అక్క నోరు మూతపడేది కాదు. మేము పల్లెలో ఉన్నప్పుడు బడి నుంచి ఇంటికొచ్చే దారి పొడుగునా మాట్లాడేది, నేను ఊఁ కొట్టేదాన్ని, ఊఁ కొట్టడం ఆపితే జడ లాగి, "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా నీకు?" అనేది. నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది అక్కే. పలక, చిలక, మొలక, గిలక. నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని దిద్దించేది, ఆ కుడి చేత్తోనే.

తోకమాటలు అన్న పేరు పెట్టింది కూడా అక్కే. పల్లె బడిలో మా తెలుగు మాస్టారు రోజూ ఒకటే ఇంటిపని ఇచ్చేవారు, ఒక మాట చెప్పి, దాని చివరి అక్షరాలతోనే ముగిసే మాటలు ఐదు రాసుకురమ్మని. ఒక్క అక్షరం కలిస్తే సగం మార్కు, రెండు కలిస్తే పూర్తి మార్కు. క్లాసులో లేచి చదవమంటే నిలబడి నిలబడి కూర్చునేదాన్ని, కానీ పుస్తకంలో మాత్రం ఐదుకి యాభై రాసేదాన్ని. మాస్టారు ఎర్ర సిరాతో ఒకసారి, నీ పుస్తకం వాగుడుకాయ, నువ్వు కాదు, అని రాశారు. అది చదివి అక్క పడీ పడీ నవ్వింది. ఆ పుస్తకం నిండిపోతే డైరీ మొదలుపెట్టాను. డైరీలో రోజు జరిగింది ఎడమ పేజీలో, తోకమాటలు కుడి పేజీలో. ఎడమ పేజీలు సగం ఖాళీగా ఉంటాయి. మాటలంటే నాకు ఇష్టమే, అవి మనుషుల ముందుకి రాకూడదు, అంతే. ఒకదాని పక్కన ఒకటి వరసగా నిలబడి ఉంటే ఎంత బాగుంటాయి, ఎవరినీ ఏమీ అడగవు, తోకలు కలిస్తే చాలు చుట్టాలైపోతాయి.

ఇదంతా మొదలైన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. ఏడు నెలల కిందట. అమ్మ పనిలో, నాన్న పనిలో, కింద కరెంటు పోయి పిండిమర ఆగిపోయింది, ఇల్లంతా ఒక్కసారి నిలబడిపోయినట్టుంది. అక్కకి తల దువ్వుతూ, చిక్కు తీసేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండాలని, ఏదో ఒకటి వాగుతున్నాను. అక్క ఒక్కదాని ముందే నేను వాగగలను, తను తిరిగి ఏమీ అడగలేదు కదా. గాలి, జాలి, కూలి, అంటున్నాను. నాలుగోది తట్టక ఆగాను. నా దువ్వెన కింద ఉన్న ఆ తల కాస్త కదిలింది. "ఆకలి" అంది అక్క. ఏడాది పైన ఐంది ఆ గొంతులో అది తప్ప వేరే మాట విని. దువ్వెన నా చేతిలోనే ఉంది. ముందు, నేనే అన్నానేమో అనుకున్నాను. ముందుకొచ్చి చూస్తే అక్క కళ్ళు ఇంత చేసుకుని తన నోట్లోంచి వచ్చిన దాన్ని తనే వింటున్నట్టు ఉంది. గడియారం చూస్తే ఒంటిగంటన్నర, నేను అన్నం పెట్టడం మర్చిపోయాను. అంటే ఊరికే రాలేదు ఆ మాట. నిజంగానే ఆకలి. పళ్ళెం తేవడానికి వంటగదిలోకి పరిగెత్తి, అక్కడ నిలబడి ఏడ్చాను, ఏడుస్తూనే అన్నం కలిపాను, ఉప్పెక్కువైంది, అక్క అంతా తినేసింది.

ఆ తర్వాత మాకు తెలిసిపోయింది. అక్క లోపల మాటలు పోలేదు, వాటి దగ్గరికి వెళ్ళే మెట్లు కూలిపోయాయి. నేను మెట్లు వేస్తే ఎక్కుతుంది. కాళ్ళు, వేళ్ళు, ముళ్ళు, అని నేను అందిస్తే, అక్క నాలుక తడుముకుని తడుముకుని, "నీళ్ళు". అప్పటి, ఇప్పటి, ఎప్పటి, అంటే, "దుప్పటి". చెప్పి, విప్పి, కప్పి, అంటే, "నొప్పి". చివరి మాటే అసలు మాట, ముందువన్నీ మెట్లు. అదీ మా నియమం. నెమ్మదిగా ఆ మెట్లు కూడా తనే పలకడం మొదలుపెట్టింది, నేను మొదటిది అందిస్తే చాలు, మిగతావి తనే ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కి, ఆఖరిదాని మీద నిలబడి నా మొహంలోకి చూసేది. ఆ చూపు, ఆ చూపు కోసం నేను పొద్దున్నించీ ఎదురుచూసేదాన్ని. కొన్నిటికి దారి లేదు. కిటికీకి జోడీ దొరకలేదు. పూటకీ, మాటకీ అని తోకలు తగిలిస్తే మాస్టారైతే ఒప్పుకోరు, అక్క కూడా ఒప్పుకోలేదు, ఎడం చేత్తో నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. నాలుగు రోజులు వెతికాం. కిటికీ తియ్యాలంటే ఇప్పటికీ దాన్ని చూపించి అది అంటుంది. మేమిద్దరం నవ్వుకున్నాం ఆ నాలుగు రోజులూ. ఇంత నవ్వు మా ఇంట్లో ఉందని ఎవరికీ తెలియదు, అమ్మ వచ్చేవేళకి ఇద్దరం బుద్ధిగా మూగగా కూర్చునేవాళ్ళం.

ఎందుకు. అదే, మార్కర్ మూత పెట్టి తీసి పెట్టి తీసి, అదే అడుగుతున్నాను, ఎందుకు చెప్పలేదు. డైరీలో ఎడమ పేజీలో రాసుకున్న జవాబు ఒకటుంది, సిగ్గు. ఆ ఆట చెప్పాలంటే అందరి ముందూ నేను కాళ్ళు వేళ్ళు అని మొదలుపెట్టాలి, మావయ్య వింటాడు, నాన్న వింటాడు, గొంతు లేవదు. అది నిజమే. కానీ అదొక్కటే నిజం కాదని నాకు తెలుసు, ఎందుకంటే మూడు నెలల కిందట ఒక సాయంత్రం నేను ఊరికే, అసలు ఏమీ అనుకోకుండానే, కొమ్మ, అన్నాను. అక్క అందుకుంది. "బొమ్మ" అంది. "రెమ్మ" అంది. చాలాసేపు ఆగింది. బయట మెట్ల మీద అమ్మ చెప్పుల చప్పుడు వినపడుతోంది, ఒక్కో మెట్టుకీ నడుం పట్టుకుని ఆగి ఎక్కుతోంది. అక్క గుమ్మం వైపు చూసి, చాలా చక్కగా, చిన్నప్పటిలా, "అమ్మ" అంది. అమ్మ ఇంకా నాలుగు మెట్లు కిందనే ఉంది. లోపలికొచ్చి, చెప్పులు విడిచి, ఎప్పటిలాగే అక్క నుదురు మీద చెయ్యి పెట్టి, "తిందా?" అని నన్ను అడిగింది. నేను తల ఊపాను. చెప్పచ్చు. ఇప్పుడే నిన్ను పిలిచిందమ్మా అని, మూడే మాటలు. అప్పుడు మావయ్య లేడు, నాన్న లేడు, అమ్మ ఒక్కతే. సిగ్గుపడాల్సిన మనిషే లేదు అక్కడ. చెప్పలేదు. చెబితే అమ్మ కూర్చుని అందిస్తుంది, నాన్న అందిస్తాడు, మావయ్య జోకులు కలిపి అందిస్తాడు, అక్క అందరితోనూ మాట్లాడుతుంది, అప్పుడు నేను ఎవరిని. పుట్టి పదహారేళ్ళలో మాట్లాడటానికి నేను తప్ప దిక్కులేని మనిషి ఒక్కరే దొరికారు నాకు. అదీ జవాబు. అది ఏ పేజీలోనూ రాయలేదు. అమ్మ రోజూ చెయ్యి పెట్టేది ఆ నుదుటి మీద, ఇక ఈ జన్మకి దీని నోట పిలుపు లేదనుకునే పెట్టేది, నేను పక్కన నిలబడి చూసేదాన్ని.

పది రోజుల కిందట కార్డుల మేడం వచ్చింది. హోం తరఫున. మంచి మనిషి, మెత్తగా మాట్లాడింది, సంచిలోంచి బొమ్మల కార్డులు తీసి అక్క ముందు ఒక్కొక్కటే పెట్టింది. నేను వంటగది కర్టెన్ వెనక నిలబడి సందులోంచి చూస్తున్నాను. కొత్త మనిషి వస్తే నా చోటు అదే. మొదట గ్లాసుతో నీళ్ళు చూపించి, "ఇవేంటి తల్లీ?" అంది. అక్క మొహం వెలిగింది. నేను లేకుండా మొదటిసారి ఎవరో మొదలుపెట్టారు కదా. "కాళ్ళు" అంది. మేడం తల అడ్డంగా ఊపింది. "వేళ్ళు" అంది అక్క. "సరే, సరే" అని మేడం కార్డు మార్చేసింది. ఇంకొక్క మెట్టు. ఒక్కటంటే ఒక్కటి. ఆవిడకేం తెలుసు, నీళ్ళని చూపిస్తే కాళ్ళు అన్న పిల్ల కోసం ఆవిడ ఎంతసేపు కూర్చుంటుంది. దుప్పటి చూపిస్తే "ఎప్పటి". మేడం రాసుకుంటోంది. కలం గీతలు నాకు వినపడుతున్నాయి. ఆఖరికి పిల్లి బొమ్మ పెట్టింది. అక్క ఆ బొమ్మ చూసింది. చూసి, తలెత్తి, కర్టెన్ వైపు తిరిగింది. కర్టెన్ కింద నా పాదాలు కనిపిస్తాయి. "తల్లి" అంది. "బల్లి" అంది. ఆగింది. నుదురంతా చెమట. "చెల్లి" అంది. ఇక ఏమీ అనలేదు. మేడం మెల్లిగా నవ్వి అమ్మతో, "పిల్లిని చెల్లి అంటోందండీ, నోటికి ఏదొస్తే అది, పాపం" అంది. పిల్లి అనలేక కాదు. చివరిదే అసలు మాట. నన్ను పిలిచింది. వాళ్ళకి చెప్పు, రా, అని పిలిచింది. నేను కర్టెన్ అంచు గుప్పిట్లో పట్టుకుని అక్కడే ఉన్నాను. పిలుస్తోందని తెలిసే ఉన్నాను. కాసేపటికి అక్క నా పాదాల మీద నుంచి చూపు తీసేసింది. కాగితం మీద మేడం ఏం రాసిందో తర్వాత మావయ్య పైకి చదివాడు, మాటలకీ అర్థానికీ సంబంధం లేదు, ఇంట్లో బాగుపడే అవకాశం కనిపించడం లేదు. నేను ఆ ఆట నేర్పకపోయి ఉంటే అది అని ఊరుకునేది. అది అన్నా నయం. ఆ మెట్లు వేసింది నేను, వాటి మీద నుంచి పడేసింది నేను.

ఆ రోజు నుంచి నేను ఏమి అందించినా అక్క అందుకోవడం లేదు. గాలి, అంటే గోడ చూస్తుంది.

మూడున్నర. అమ్మ చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది, మావయ్య ఫారం కుర్చీ చేతి మీద పరిచి, వేలితో చోటు చూపించాడు. సంతకం. పుస్తకం, జాతకం, పాతకం. అమ్మ కలం పట్టుకుంది. అక్కడ గీత కనిపిస్తోంది, ఖాళీ గీత. అమ్మ పేరు రాయడం మొదలుపెట్టడానికి ముందు కలాన్ని కాగితం పైన గాలిలో రెండుసార్లు తిప్పుతుంది, అలవాటు, నాకు తెలుసు, ఒకసారి తిప్పింది. నేను లేచాను. బట్టలన్నీ ఒళ్ళోంచి జారిపోయాయి, మార్కర్ దొర్లి మంచం కిందకి పోయింది. "అమ్మా" అన్నాను, ఆ గొంతు నాది కాదు, గరగరమంది. అమ్మా మావయ్యా నా వైపు చూశారు. నాలుగు కళ్ళు. విషయం ఏమిటంటే.

"అక్క మాట్లాడుతుంది" అన్నాను.

మావయ్య జోకు వెయ్యలేదు. "ఏంటమ్మా?" అన్నాడు.

"మాట్లాడుతుంది. నాతో. ఏడు నెలల నుంచి. ఆవిడ ఆగలేదు, ఇంకొక్క మాట ఆగుంటే నీళ్ళు అనేది. ముందు వేరే మాటలంటుంది, వాటితోనే, తోకలు కలిసేవి, అలా అలా వెళ్ళి చివరికి..." ఎవరికీ అర్థం కావడం లేదని నాకు తెలుస్తోంది, అమ్మ కలం పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉంది, నేను ఇంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి అందరూ మాట కాకుండా నన్ను చూస్తున్నారు. "నిన్ను కూడా పిలిచింది" అన్నాను. "అమ్మ అంది. నువ్వు మెట్లెక్కుతున్నప్పుడు."

అమ్మ కలం కింద పెట్టింది. "ఎప్పుడు?"

"మూడు నెలలైంది."

అమ్మ మొహం చూడకూడదనుకుంటూనే చూశాను. అందులో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆశ వచ్చింది, అది ఇంకా ఘోరం. అమ్మ అక్క మంచం దగ్గరికి వెళ్ళి నేల మీద కూలబడింది, నడుం నొప్పి కూడా మర్చిపోయి, అక్క పడిపోయిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "చెప్పించు" అంది నాతో, అక్క మీద నుంచి చూపు తియ్యకుండానే. "నీకు పుణ్యం ఉంటుంది, ఒక్కసారి చెప్పించు." మావయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. నేను మంచం రెండో పక్కకి వెళ్ళాను. "కొమ్మ" అన్నాను. అక్క నన్ను చూసింది. పది రోజుల తర్వాత మొదటిసారి తిన్నగా నన్ను చూసింది. "కొమ్మ, బొమ్మ" అన్నాను. పెదవి కదిలింది, కదిలినట్టనిపించింది. "కొమ్మ, బొమ్మ, రెమ్మ, చెమ్మ" అన్నాను, అన్నీ నేనే వేసేశాను, ఒక్క మెట్టు తక్కువ అన్నంతవరకూ వేసి నిలబడ్డాను. అక్క పెదాలు బిగించింది. రాక కాదు. రానప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నాలుక వెతుకుతుంది, మెడ నరం లేస్తుంది, కళ్ళు పైకి పోతాయి. ఇది అది కాదు. ఇది నోరు మూసుకోవడం. తలుచుకుంటే అనగలిగిన మాటని పళ్ళ వెనక పెట్టుకుని నా వైపు చూడటం. "అక్కా" అన్నాను. "అక్కా, ఒక్కసారి. అమ్మ కోసం." ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా, కొమ్మ బొమ్మ రెమ్మ చెమ్మ, కొమ్మ బొమ్మ రెమ్మ చెమ్మ, నా గొంతు ఆ గదిలో పిచ్చిదానిలా తిరుగుతోంది, మావయ్య లేచి నా భుజం మీద చెయ్యి వేసేదాకా నేను ఆగలేదు.

"చాల్లే పిట్టా" అన్నాడు. "పోనీలే."

అమ్మ ఇంకా ఎదురుచూస్తోంది. కాసేపటికి అక్క చేతిని మెల్లగా పక్క మీద పెట్టి, దుప్పటి సర్ది, మంచం పట్టీ పట్టుకుని లేచింది. నన్ను చూసింది. "దీన్ని ఆపాలని అబద్ధం చెప్పావు కదూ" అంది. తిట్టలేదు. నా చెంప మీద చెయ్యి వేసింది, ఇస్త్రీ పెట్టె పట్టుకుని పట్టుకుని గట్టిపడ్డ చెయ్యి. "అబద్ధమైనా బాగుంది. కాసేపు నిజమేననుకున్నాను." వెళ్ళి సంతకం పెట్టింది. గాలిలో రెండుసార్లు తిప్పింది, పెట్టింది. నేను అబద్ధం కాదు అనలేదు. డైరీ తెచ్చి కుడి పేజీలు చూపిస్తే, అవన్నీ నా రాతే కదా. ఏడు నెలల మాటలు, ఒక్కటి కూడా అక్క చేత్తో రాసింది కాదు. నేను మొదలుపెట్టినవి, నేను ఎంచుకున్న తోకలు, తను ఎక్కడికి వెళ్ళాలో నేనే అనుకుని వేసిన మెట్లు. తనకి ఏం కావాలో నేను ముందే ఊహించినవే తను అడగగలిగేది. నేను ఊహించని మాట ఒకటి తన లోపల ఉంటే, ఇన్నాళ్ళూ, ఎన్ని మధ్యాహ్నాలు, అది ఎక్కడ కూర్చుందో. ఒక్కసారి కూడా అనుకోలేదు నేను. ఆకలి, దాహం, నొప్పి, చలి, ఇవే అనుకున్నాను, మంచం మీద ఉన్న మనిషికి ఇంకేముంటాయని.

నాలుగవడానికి ఐదు నిమిషాలుండగా వ్యాన్ హారన్ వినపడింది. మావయ్య సంచి తీసుకుని దిగాడు, అమ్మ మందుల డబ్బా, చేతికర్ర పట్టుకుని వెనకే దిగింది, "బట్టలు మార్చి తీసుకురా, మావయ్య వచ్చి పట్టుకుంటాడు" అని నాతో అంటూ. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం, రోజూలాగే. మంచం అంచున వేలాడుతున్న కొత్త గౌను తీసి భుజాన వేసుకుని, అక్కని లేపడానికి నడుం చుట్టూ చెయ్యి వెయ్యబోయాను. అక్క ఎడం చేత్తో ఆ చెయ్యి తీసేసింది. మంచం పట్టీ పట్టుకుని, గోడ పట్టుకుని, కుర్చీ వీపు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ లోపలి గదికి తనే నడిచింది. ఆరు అడుగుల దూరం. నేను వెనకాల చేతులు చాచి, పడితే పట్టుకోవాలని. గుమ్మం దాటి లోపలికెళ్ళి, నా వైపు తిరిగి, నా భుజం మీది గౌను లాక్కుని తన భుజాన వేసుకుంది. ఒంటి చేత్తో ఎలా వేసుకుంటుంది, కుడి చెయ్యి ముందు దూర్చాలి, వెనక గుండీలున్నాయి, నేను లోపలికి అడుగు వెయ్యబోయాను.

"పిలుపు" అంది అక్క.

నేను ఏమీ అనలేదు. నేను మొదలుపెట్టలేదు. ఎవరూ ఏమీ అందించలేదు, బొమ్మ చూపించలేదు, ఈ ఇంట్లో ఇన్ని నెలల్లో మొదటిసారి మొదటి మాట తనది. కిందకి పరిగెత్తి అమ్మని పిలుచుకు రావాలని, కదిలితే ఆగిపోతుందేమోనని, ఊపిరి కూడా బిగపట్టి నిలబడ్డాను. అక్క నాలుక వెతుకుతోంది. మెడ నరం లేచింది.

"మలుపు" అంది.

నుదుటి మీద చెమట. వస్తోంది, ఇంకొకటి వస్తోంది, నాకు తెలుసు, ఆ ముఖం నాకు తెలుసు. నేను ఆగలేకపోయాను, అలవాటు, పాడు అలవాటు, "గెలుపు" అని అందించాను. అక్క తల అడ్డంగా ఊపింది. ఎడమ చెయ్యి చాచి పక్కనున్న చెక్క రెక్క అంచు పట్టుకుంది. నా కళ్ళలోకి చూస్తూ, ఎవరి మెట్టూ ఎక్కకుండా, తిన్నగా, "తలుపు" అంది. నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నాను. నా కాలు వెనక్కి తీసేదాకా ఆగి, మెల్లగా, చప్పుడు కాకుండా వేసేసింది.